బిళ్లతో తెరిచే గడియ

ప్రదర్శన ఆఖరి రోజు మధ్యాహ్నానికి హాల్లో జనం పలచబడ్డారు. డిజైను కాలేజీ చివరి సంవత్సరం పిల్లలు మూడు రోజులుగా తమ పనులు బల్లల మీద పరుచుకుని, వచ్చిన కంపెనీలవాళ్లకు చెప్పిందే చెప్పి గొంతులు పోగొట్టుకున్నారు. చిన్నికి బల్ల లేదు. స్నానాలగదంత చెక్క గది ఉంది: గోడలు, పైన కప్పు, ఒక తలుపు. ఆ తలుపుకున్న గడియే ఆమె చేసిన వస్తువు. లోపల పిడి తిప్పితే గడియ పడుతుంది. లోపలి మనిషికి ఏదైనా అయితే, బయటివాళ్లు తలుపు మీది సన్నని గాడిలో చిల్లర బిళ్ల పెట్టి తిప్పితే తెరుచుకుంటుంది.

ఆ గడియ ఆలోచన ఇంట్లో పుట్టిందే. నిరుడు నాయనమ్మ స్నానాలగదిలో జారిపడి నలభై నిమిషాలు నేల మీదే ఉండిపోయింది. పక్క గదిలో చిన్ని చెవులకు పాటలు తగిలించుకుని బొమ్మలు గీసుకుంటోంది. చివరికి పక్కింటాయన వచ్చి తలుపు పగలగొట్టాడు. అప్పటినుంచీ నాయనమ్మ గడియ వేసుకోదు. తలుపు ఓరగా చేరవేసుకుని, ఎవరి అడుగు వినబడినా లోపలినుంచి "నేనున్నాను, నేనున్నాను" అంటూ ఉంటుంది. డెబ్బై ఆరేళ్ల మనిషికి రోజూ ఆ సిగ్గు. ఇవాళ ఆవిడా మనవరాలి పని చూడ్డానికొచ్చి, ఒళ్లో చిల్లర సంచితో చెక్క గది పక్కనే కుర్చీలో కూర్చుంది.

గడియలు చేసే కంపెనీ మేనేజరు మూడింటికి వచ్చాడు. చిన్ని మూడు రోజులూ కళ్లు కాయలు కాచేలా చూసింది ఆయన కోసమే. అక్కడ ఉద్యోగం దొరికితే తన గడియ నిజం తలుపులకెక్కుతుంది. లేకపోతే రేపు పొద్దున చెక్క గదితోపాటు విప్పి మూలన పడేస్తారు.

"నేను ముసలమ్మననుకోండి సార్. లోపల పడిపోయాను. మీరే తియ్యాలి," అని లోపలికి వెళ్లి తలుపు మూసి పిడి తిప్పింది. గడియ పడింది. పిడి ఊడి చేతిలోకి వచ్చింది.

ఎందుకు ఊడిందో ఆమెకు తెలుసు. స్క్రూ కొన పొడుచుకొచ్చి చూపుకి బాగా లేదని, నిన్న దాన్ని తీసేసి పొట్టిది బిగించింది.

లోపల చీకటి, కొత్త రంగు వాసన. తలుపు కింద వేలెడు వెలుతురు. ఆ వెలుతుర్లో మేనేజరు నల్ల బూట్లు.

"బిళ్ల కావాలన్నమాట," అన్నాడాయన జేబులు తడుముకుంటూ. "ఈ రోజుల్లో బిళ్లలెవరి దగ్గరున్నాయమ్మా? అన్నీ ఫోన్లోనేగా."

పక్కన కుర్చీ ప్రదర్శిస్తున్న అమ్మాయి, అందరూ కుర్చీ పిల్ల అంటారు, గొంతెత్తింది. "ఎవరి దగ్గరన్నా ఒక్క బిళ్లుందా?"

"ఫోన్లో పంపిస్తా, పెట్టి తిప్పు," అన్నారెవరో. నవ్వులు.

"గోరుతో చూడకూడదూ?"

"నెల్లాళ్లు పెంచాను బాబూ, నా వల్ల కాదు." కుర్చీ పిల్ల తలుపు దగ్గరికి వంగింది. "చిన్నీ, నువ్వే తీసెయ్యవే. సార్ వెళ్లిపోతారు."

"పడిపోయినదాన్ని ఎలా తీస్తానే?" అంది చిన్ని. ఆ మాటకి బయట మళ్లీ నవ్వారు. మేనేజరూ నవ్వాడు. పిడి ఊడిందని చెబితే తన పని అయిపోయినట్టే. చెప్పకపోతే ఆ బూట్లు ఎంతసేపు నిలబడతాయి? "సార్, ఊపిరాడట్లేదు," అంది.

"బాగా చేస్తోందే అమ్మాయి," అన్నాడాయన మెచ్చుకోలుగా.

ఆమె చేయడం లేదు. గోడకానుకుని నేల మీద కూర్చుంది. బిళ్లలున్న సంచి నాలుగడుగుల దూరంలోనే ఉంది, నాయనమ్మ ఒళ్లో. కానీ నాయనమ్మ కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటోంది. ఆ వేళలో ఇంట్లో ఎవరూ ఆవిణ్ణి కదిలించరు. తనూ తలుచుకుందామా అనుకుంది చిన్ని. ఒక గడియ కోసం దేవుణ్ణి పిలవచ్చా? ఆ రోజు నాయనమ్మ నలభై నిమిషాలూ పిలిచే ఉంటుంది. ఆయనెందుకు ఆలస్యం చేశాడని చిన్ని చాలాసార్లు మనసులో అడిగింది. పక్క గదిలో ఉన్న మనిషే వినకపోతే, ఎక్కడో ఉన్న ఆయన్ని అడిగేదేముంది? లోపల ఎలా ఉండిందని నాయనమ్మని మాత్రం ఒక్కసారీ అడగలేదు.

తలుపు మీద అరచేత్తో కొట్టింది. "నాయనమ్మా."

పెద్దగా పిలవలేదు. అయినా కుర్చీ జరిగిన చప్పుడైంది. నల్ల బూట్ల పక్కకి నాయనమ్మ చెప్పులు వచ్చాయి.

"పాపం, జపంలో ఉన్నారు, పిలవకూడదనుకున్నాం," అంది కుర్చీ పిల్ల.

"దేవుడెక్కడికి పోతాడే? మళ్లీ తలుచుకుంటాను. ఉండు చిన్నీ, వస్తున్నా."

బిళ్ల గాడి చుట్టూ గీరుకుంది. జారి నేల మీద దొర్లింది. ఎవరో ఏరి ఇచ్చారు. మళ్లీ జారింది.

"గాడి ఇంత సన్నగా పెట్టిందెవరే? వణికే చెయ్యి ఎలా పెడుతుందనుకున్నారు?"

"నేనే, నాయనమ్మా," అంది చిన్ని లోపల్నించి.

మూడోసారికి బిళ్ల పట్టింది. తలుపు తెరుచుకుంది. చిన్ని చెమటతో బయటికొచ్చింది, కుడి చెయ్యి పిడికిలి బిగించుకుని.

"మూడ్రోజుల్లో ఇంత బాగా చూపించినవాళ్లు లేరు," అన్నాడు మేనేజరు. "నిజంగానే ఇరుక్కుపోయావనుకున్నానమ్మా. సోమవారం ఆఫీసుకి రా." చెయ్యి చాచాడు.

ఆ చేతిని అందుకోవాలంటే పిడికిలి విప్పాలి. అందరూ చూస్తున్నారు. నాయనమ్మ ముఖం వెలిగిపోతోంది. చిన్నికి మళ్లీ ఊపిరాడలేదు. తలుపు తీసి ఉన్నా గది తన చుట్టూనే ఉన్నట్టుంది.

పిడికిలి విప్పింది. అరచేతిలో పిడి.

"నిజంగానే ఇరుక్కుపోయాను సార్. స్క్రూ పొట్టిది వేశాను, అందంగా ఉంటుందని."

ఆయన పిడిని తీసుకుని, స్క్రూ కొనని బొటనవేలితో తడిమి చూసి తిరిగిచ్చాడు. "సరే, ఫోన్ చేస్తాం," అన్నాడు. మూడు రోజులుగా అన్ని కంపెనీలవాళ్లూ అందరికీ చెబుతున్న మాట అదే. బూట్లు పక్క వరసలోకి వెళ్లిపోయాయి.

చిన్ని తన పనిముట్ల సంచిలోంచి పాత స్క్రూ వెతికి బిగించింది. కొన పొడుచుకొచ్చింది. నాలుగుసార్లు తిప్పి చూసింది, ఊడలేదు.

"జరుగు," అంది నాయనమ్మ, బిళ్ల ఆమె చేతిలో పెట్టి.

"ఎందుకు?"

"ఏడాదైంది గడియ వేసుకుని. పిలిచేదాకా తియ్యకు."

నాయనమ్మ లోపలికెళ్లి తలుపు మూసుకుంది. గడియ పడింది. చిన్ని బిళ్లని గాడికి ఆనించి నిలబడింది. లోపల్నించి ఏ చప్పుడూ లేదు. పిలవాలనిపించింది. పిలవకుండా, తలుపుకి చెవి ఆనించి వింటూ ఉంది.