నా కంట్లో కుంకుమ

నేను ఒక మైక్రోస్కోపుని. పెంట చూడటం నా ఉద్యోగం. ఇందులో సిగ్గుపడాల్సింది నేను కాదు, ఆరేళ్లపాటు చూడకుండా కూర్చున్నవాళ్లు. ఆ సంగతి చెప్పడానికే ఇవాళ నోరు తెరిచాను. నోరు లేదనుకోండి, ఉన్న ఒక్క కన్నూ తెరిచాను.

పుట్టింది అంబాలాలో. ఇనుప కాలు, నల్ల రంగు, వెలుతురు పట్టడానికి కింద చిన్న అద్దం, గాజు పలక పెట్టుకోవడానికి నడుమ ఒక బల్ల, దానిపైన తిరిగే చక్రానికి మూడు కటకాలు, అన్నిటికీ పైన మీరు కన్ను పెట్టే గొట్టం. నన్ను బిగించిన మేస్త్రీ పనిచేస్తున్నానో లేదో చూద్దామని తన బొటనవేలి గోరు నా కింద పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి అన్నానికి ముందు రెండుసార్లు చేతులు కడుక్కునేవాడట. మానవజాతికి నేను చేసిన మొదటి మేలు అది. రెండోదానికి పద్దెనిమిదేళ్లు పట్టింది. తప్పు నాది కాదు.

ముందు ఒక జూనియర్ కాలేజీకి పంపారు. అక్కడ పదకొండేళ్లు ఉల్లిపొర చూపించాను. చూపించాను అంటే నేను చూపించాను, వాళ్లు చూడలేదు. పక్కవాడి రికార్డులో బొమ్మ చూసి దింపుకునేవాళ్లు. పొర తీయగా మిగిలిన ఉల్లిగడ్డ లెక్చరర్ గారింటికి కూరలోకి వెళ్లేది. ఆ కాలేజీలో ఉల్లిగడ్డను పూర్తిగా అర్థం చేసుకున్నది వాళ్లావిడ ఒక్కతే.

తర్వాత నన్ను పశువుల దవాఖానకు ఇచ్చేశారు. ఊరి పేరు చెప్పను. వరంగల్‌కీ కరీంనగర్‌కీ మధ్య ఎక్కడో అనుకోండి. అక్కడ ఎల్లేశం అని అటెండరు ఉన్నాడు. మంచివాడు, భక్తిపరుడు. నా పాలిట ఆ రెండోదే గండమైంది.

నేను చేరిన నెలకే దసరా వచ్చింది. ఆయుధపూజ. ఎల్లేశం దవాఖానలో కదిలేవాటికీ కదలనివాటికీ అన్నిటికీ పూజ చేశాడు. సూదుల డబ్బాకు బొట్టు, ఫ్రిజ్జుకు బొట్టు, కోడెలకు వాడే పెద్ద పటకారుకు బంతిపూల దండ. నా దగ్గరికొచ్చేసరికి ఆయన భక్తి పొంగింది. పసుపు నీళ్లలో కలిపి, మూడు కటకాలకూ మూడు బొట్లు పెట్టాడు. వాటి మీద కుంకుమ. గొట్టం పైన ఇంకోటి. కింద అద్దానికి రూపాయి బిళ్లంత. చెయ్యెత్తి దండం పెట్టి, టెంకాయ కొట్టి, నీళ్లు నా మీదే చల్లాడు. తడిసిన పసుపు కటకాల అంచుల్లోకి దిగి, ఎండి, సున్నంలా పట్టేసింది.

మర్నాడు అప్పటి డాక్టరు సారు నాలోంచి చూశారు. అంతా ఎర్రగా కనిపించింది. ఆ ఒక్క రోజే నాలుగు మేకలకూ, ఒక బర్రెకూ, ఆఖరికి ఉత్త నీళ్ల చుక్కకు కూడా రక్త విరేచనాలని తేలింది. నీళ్ల చుక్క దగ్గర సారుకు అనుమానం వచ్చింది. కటకాన్ని తుడిచి చూడొచ్చు గదా. చూడలేదు. రిజిస్టరులో ‘ఖరాబు’ అని రాసి నన్ను బీరువా మీదికెక్కించారు.

అక్కడ ఆరేళ్లు. ఏటా దసరాకు కిందికి దించడం, పాత బొట్టు మీద కొత్త బొట్టు పెట్టడం, మళ్లీ పైకెక్కించడం. నా కంటిమీది పొరలు కోసి చూస్తే ఏ యేడు కుంకుమ కల్తీదో చెప్పొచ్చు. నాకు దండం పెట్టినవాళ్లు వందమంది. నాలోంచి చూసినవాళ్లు సున్నా. ఆ ఆరేళ్లూ ఊళ్లో ఏ కుక్కపిల్లకు విరేచనాలైనా, ఏ పిల్లికూనకు కడుపు జారినా, సారు ఒకటే గోలీ రాసేవారు, నులిపురుగులది. తగ్గితే గోలీ గొప్ప. తగ్గకపోతే దిష్టి. పైనుంచి నేను వింటూనే ఉన్నాను. నాకు పళ్లుంటే అరిగిపోయేవి.

ఇప్పుడు పహిల్వాన్ సంగతికి వస్తాను.

బస్టాండు ఎదురుగా కొమురమ్మకు ఇస్త్రీ బండి ఉంది. ఆమె, ఆమె భర్త సాయిలు ఇద్దరూ ఊరి బట్టలు ఉతికి, ఉడకేసి, ఇస్త్రీ చేస్తారు. వానాకాలం మొదట్లో బండి కింద ఒక కుక్కపిల్ల చేరింది. బరువు కిలోన్నర, అందులో సగం చెవులు. పిల్లల్లేని కొమురమ్మ దానికి పహిల్వాన్ అని పేరు పెట్టింది. వచ్చిన వారానికే దానికి విరేచనాలు పట్టుకున్నాయి. జిగట జిగటగా, వాసనకు ఈగలు కూడా దూరంగా కూర్చునేలా. పెరుగన్నం పెట్టింది. దానిమ్మ తొక్క అరగదీసి పోసింది. ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. మూడుసార్లు దవాఖానకు తెచ్చింది. మూడుసార్లూ సారు అదే గోలీ ఇచ్చారు. దొంగ ఒకింట్లో దాక్కుంటే పోలీసులు మూడుసార్లూ పక్కింటి తలుపు విరగ్గొట్టినట్టు. అయిదు వారాలయ్యేసరికి పిల్ల ఎముకల గూడైంది. చెవులు మాత్రం తగ్గలేదు.

అంతలో సారు రిటైరయ్యారు. డాక్టర్ ప్రసూన అని కొత్తమ్మాయి వచ్చింది. అదే వారంలో పహిల్వాన్ ఇస్త్రీ చేసి పెట్టిన ఎస్సై గారి యూనిఫాం మీద తన సంతకం పెట్టింది. ఆదివారంలోగా తగ్గకపోతే గోనెలో వేసుకుని చెరువు అవతల వదిలేస్తానని సాయిలు తేల్చేశాడు. ఆ పిల్ల ఉన్న స్థితికి చెరువు అవతల అంటే ఏమిటో కొమురమ్మకు తెలుసు. ఏడుస్తూ కొత్త డాక్టరు ముందు కూర్చుంది.

“గోలీ వద్దమ్మా. ముందు పెంట చూడాలి,” అంది ప్రసూన. “మైక్రోస్కోపు లేదా ఇక్కడ?”

“ఉన్నది గని మేడం, ఖరాబైంది,” అన్నాడు ఎల్లేశం. “పూజకు మాత్రం మంచిగ పనిజేస్తది.”

దించారు. ప్రసూన నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఒక్కో కటకాన్నీ విప్పి చూసింది. ఆ అమ్మాయి ముఖంలో వచ్చిన కోపం ఆరేళ్లుగా నాలో ఉన్న కోపమే. స్పిరిటు అడిగింది, మెత్తటి గుడ్డ అడిగింది. వెయ్యి ఉతుకులు చూసిన ధోవతి పేలిక కొమురమ్మ బొడ్లోంచి తీసిచ్చింది. ప్రసూన తుడవడం మొదలుపెట్టింది. నాకు చక్కిలిగింత పుట్టింది, కానీ పెద్దమనిషిలా ఊరుకున్నాను.

“దేవుని బొట్టు మేడం. తుడిస్తే కీడైతది,” అన్నాడు ఎల్లేశం.

“కంట్లో పెడితే దేవుడికి కూడా మండుతుంది ఎల్లేశమన్నా.”

ఎల్లేశం ఆ మాట మీద రెండు రోజులు ఆలోచించాడు.

మర్నాడు పెంట తెమ్మంటే కొమురమ్మ తెచ్చింది. ఎలా తెచ్చిందో వినండి. చదువుకున్న ఆడపిల్లకు ఆ రొచ్చు చూపించడానికి ఆమెకు మనసొప్పలేదు. వారం కింద పడ్డ వాటిలో కాస్త గట్టిది, శుభ్రమైనది ఏరి, పూటంతా ఎండలో పెట్టి, ఇస్త్రీ చేసిన కాగితంలో నాలుగు మడతలు వేసి తెచ్చింది. పెళ్లి శుభలేఖ కూడా అంత మర్యాదగా రాదు. అందులో కదిలేది ఏముంటుంది? నాలోంచి చూస్తే గడ్డిపోచ, ఇసుక, ఒక చీమ కాలు.

“చెప్పలే? మిషిన్ అయిపోయింది,” అన్నాడు ఎల్లేశం.

నా ముందే అన్నాడు.

ప్రసూన విసుక్కోలేదు. “అమ్మా, నాకు మంచిది వద్దు. చెడ్డది కావాలి. అప్పుడే పడ్డది, తడిది, అరగంట దాటొద్దు. కడుపులో ఉన్నవి రోజూ బయటికి రావు, ఒకనాడు వచ్చి రెండునాళ్లు దాక్కుంటాయి. అందుకే మూడు రోజులు వరుసగా తే.”

కొమురమ్మ తెచ్చింది. మొదటిరోజు ఏమీ లేదు. రెండోరోజు ఏమీ లేదు. మూడోరోజు శనివారం. మర్నాడే గడువు. పొద్దున్నే కొమురమ్మ చెప్పుల్లేకుండా ఉరికొచ్చింది, చేతిలో గ్లాసు మీద మూత. ప్రసూన గోరువెచ్చటి ఉప్పునీటి చుక్కలో ఆవగింజంత కలిపి, పలక మీద పెట్టి, నా పెద్ద కటకం తిప్పింది. నేను ఊపిరి బిగబట్టాను. నాకు ఊపిరి లేదు, అయినా బిగబట్టాను.

కనిపించాయి. నిలువునా కోసిన జామకాయ ఆకారం, రెండు గుండ్రటి కళ్లు, వెనక తోకలు. గాలికి రాలే వేపాకులా దొర్లుతూ, తిరగబడుతూ, ఒకటా రెండా, జాతరకొచ్చిన జనంలా. ప్రసూన లేచి కొమురమ్మను కూర్చోబెట్టి చూడమంది.

“గివి నన్నే జూస్తున్నయ్ మేడం,” అంది కొమురమ్మ మెల్లగా.

“వీటి పేరు జియార్డియా. నీ పిల్ల తిన్నదంతా ఇవే ఒంటపట్టకుండా చేస్తున్నాయి. ఒక్కపూట గోలీకి చావవు. ఇంకో మందు, అయిదు రోజులు, ఒక్క రోజు కూడా మానొద్దు.”

ఎల్లేశం వంతు వచ్చింది. చాలాసేపు చూశాడు. లేచి, బీరువా మీద నేను ఉన్న చోటు వైపు ఒకసారి చూసి, టీ తేవడానికి పోయాడు.

కథ అయిపోయిందనుకున్నారు కదూ. నేనూ అనుకున్నాను. సాయిలు గడువు పొడిగించాడు, అయిదు రోజుల మందు పడింది, పెంట గట్టిపడింది, పహిల్వాన్ మొదటిసారి మొరిగింది. పది రోజులు గడిచాయి. మళ్లీ మొదలైంది, ఈసారి తాసిల్దారు గారి తెల్లచొక్కా మీద.

సాయిలు మోపెడ్ మీద వచ్చాడు. వెనక కొమురమ్మ, ఆమె ఒళ్లో కొత్త గోనెసంచి, సంచిలోంచి రెండు చెవులు. చెరువుకు పోతూ దారిలో ఆగారు, ఆమె పట్టుబట్టింది కాబట్టి.

“మందు గూడ నడ్వలే, మిషిన్ గూడ నడ్వలే,” అన్నాడు సాయిలు. “మీకు దండం మేడం. ఇగ మేం బోతం.”

మళ్లీ నా మీదికే వచ్చింది. ఈ దేశంలో నిజం చెప్పినవాడికే ముందు దెబ్బ.

“పది నిమిషాలు ఆగన్నా,” అంది ప్రసూన. సంచిలోనే తాజాది దొరికింది. ఈసారి చుక్క అయోడిన్ కలిపి చూసింది. తోకలవి తక్కువ, ముసుగుతన్ని పడుకున్న గింజల్లాంటివి ఎక్కువ. “మందు పనిచేసింది. ఇవి మళ్లీ నోట్లోకి పోతున్నాయి. పెంటలో పడి తడిలో వారాలు బతుకుతాయి. ఇది ఎక్కడ పడుకుంటది?”

“బండి కింద,” అంది కొమురమ్మ.

“అక్కడ తడి ఉంటదా?”

ఉంటుంది. ఇస్త్రీకి ముందు బట్టల మీద నీళ్లు చిలకరిస్తారు. పొద్దంతా ఆ నీళ్లు పలకల సందుల్లోంచి కింద గోనె మీద కారుతూనే ఉంటాయి. పిల్ల ఆ గోనె మీదే పడుకుంటుంది, దాన్నే నాకుతుంది, తన వెనక భాగం కూడా నాక్కుంటుంది.

“ఆ గోనె ఎప్పుడన్నా ఉతికారా?”

సాయిలు ముఖం ఎర్రబడింది. “మేడం, మూడు తరాల సంది ఊరి మైల ఉడకేస్తున్నం. మా ఇంట్ల ఉతకని బట్ట ఉన్నదంటరా?”

కొమురమ్మ తల దించుకుంది. “ఉతకలే. కుక్కది గదా అనుకున్న.”

సాయిలు భార్య వైపు తిరిగాడు. “కుక్కదైతే బట్ట గాదానే?”

అంతే. సంచి అందుకుని, చెవులతో సహా మోపెడ్ ముందు పెట్టుకుని, ఇంటి దారి పట్టాడు. చెరువు దారి కాదు. ఆ రోజు ఎస్సై యూనిఫాం ఆగింది, తాసిల్దారు చొక్కా ఆగింది. పెద్ద గంగాళం పొయ్యి మీదికెక్కింది. పాత గోనె, పిల్ల తుడిచే గుడ్డలు, కొమురమ్మ కొంగు ముక్క, ఆఖరికి పిల్లను వదిలేయడానికి తెచ్చిన ఆ కొత్త సంచి, అన్నీ సలసలా ఉడికాయి. ఎండకు ఎండాయి. పాత గోనె పీలికలైపోతే కొత్త సంచికి సాయిలు బొగ్గుల ఇస్త్రీ పెట్టెతో మడత తీశాడు. చెరువుకు పోవాల్సిన సంచి పహిల్వాన్ పక్క అయింది, బండికి ఎండపడే పక్కన, పొడినేల మీద. నీళ్ల చిప్పకు రోజూ మరుగునీళ్లు. మళ్లీ అయిదు రోజుల మందు, ఆఖరిరోజు వెనక భాగం బాగా రుద్ది స్నానం. ఇదంతా నేను చూడలేదు. సాయిలే రోజూ వచ్చి, ఎవరూ అడక్కుండానే, అందరికీ చెప్పాడు.

రెండు వారాల తర్వాత మళ్లీ మూడు రోజులు నాలోంచి చూశారు. ఖాళీ. గడ్డిపోచ, ఇసుక, అంతే. నేను చూపించినవాటిలోకెల్లా అందమైన దృశ్యం అదే. దానికి ఎవరూ టెంకాయ కొట్టలేదు.

టెంకాయ దసరాకు వచ్చింది. ప్రసూన సెలవులో ఉంది. ఎల్లేశం పళ్లెం పట్టుకుని వచ్చాడు. పసుపు, నీళ్లు, కుంకుమ. సూదుల డబ్బా అయింది, ఫ్రిజ్జు అయింది, పటకారుకు దండ పడింది. ఎర్రటి ఉంగరపు వేలు నా గొట్టం మీదికి వచ్చింది. తెలుసుకున్నాడనుకున్నాను. అలవాటు తెలివి కంటే పాతది.

“ఆగన్నా,” అంది గుమ్మంలో కొమురమ్మ. పక్కన పహిల్వాన్, ఇప్పుడు ఏడు కిలోలు. ఆమె చేతిలో తెల్లటి నూలు తొడుగు ఉంది, కత్తి మడతలతో, నా కొలతకు కుట్టింది. తల నుంచి కాలిదాకా కప్పేసింది. “ఇగ దీని మీద వెట్టుకో బొట్టు. ఎన్నన్న వెట్టుకో. నేనే ఉతుకుత.”

ఎల్లేశం పెట్టాడు, మూడు. మిగిలింది పహిల్వాన్ నుదుటికి పెట్టాడు. అది నన్ను పెట్టిన బల్ల ముందు మూడుసార్లు గుండ్రంగా తిరిగి, నడుం వంచి, ఒకటి పెట్టింది.

ఎల్లేశం పళ్లెం వెనక్కి లాక్కున్నాడు. కొమురమ్మ వంగి చూసింది.

“గట్టిగున్నదన్నా,” అంది.

తొడుగు లోపల నాకేమీ కనిపించలేదు. కనిపించాల్సిన అవసరమూ లేదు. ఏడు దసరాల్లో నాకు దక్కిన అసలైన నైవేద్యం అదొక్కటే.