ప్రెసిడెంటు గారి హాలు

మైత్రీవనం వెనక సందులో గౌతమీ రెసిడెన్సీకి రోజూ ఒకేలా తెల్లవారేది. ముందు సంపు మోటారు మూలిగేది. తర్వాత గుమ్మాల ముందు పాల ప్యాకెట్లు పడేవి. పక్క హాస్టల్లో కుర్రాళ్లు బాత్రూం కోసం పెట్టుకునే గొడవ సర్దుమణిగాక, అసోసియేషన్ ప్రెసిడెంటు హనుమత్ప్రసాద్ గారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మెట్లు దిగి, లిఫ్టు పక్క గోడకి ఆ రోజు నోటీసు అంటించేవారు. "అందరూ కలిసిమెలిసి ఉండవలెను." ముందు రోజు నోటీసూ అదే. కాకపోతే దాని మీద ఈలోగా ఎవరో ఒరాకిల్ కోర్సు కరపత్రం అంటించి ఉండేవారు.

ఆయనది తణుకు, బ్యాంకులో ఆఫీసరు. మైకు కనిపిస్తే ఇల్లూ వాకిలీ మరిచిపోయే మనిషి. కిందటి జెండా పండక్కి ఐకమత్యం గురించి మాట్లాడుతూ ఉంటే, వినలేక జెండాయే సగం కిందికి జారిందని చెప్పుకుంటారు.

ఆ బిల్డింగులో ఇళ్ల సంగతి ఒకటుంది. బిల్డింగులోని వాళ్లు వచ్చి కూర్చుని కబుర్లాడి లేచే ఇల్లు కొంచెం కొంచెంగా పెరిగేది. ఎవరూ తొక్కని ఇల్లు తగ్గేది. కొన్న కొత్తలో ఒకరిద్దరు బిల్డర్ని అడిగితే, "ఆ నేల గుణం అంతేనండీ. పార్కింగు మాత్రం తగ్గదు, దానికి నాదీ పూచీ" అన్నాడు. పార్కింగు తగ్గదన్నాక ఇంక ఎవరూ మాట్లాడలేదు. కర్టెన్లు కుట్టేవాడు కూడా కొలత తీసుకునే ముందు, "ఈ మధ్య మీ ఇంటికి ఎవరైనా వస్తున్నారాండీ?" అని అడిగి, దాన్నిబట్టి గుడ్డ చెప్పేవాడు.

మూడో అంతస్తులో కమలకుమారి ఇంట్లో హాలు ఎప్పటిలాగే ఉండి, వంటిల్లు ఒక్కటే పెరిగింది. హాల్లో కూర్చుని చెప్పుకోదగ్గ మాటలు ఆవిడ దగ్గర ఉండేవి కావు మరి. రెండో అంతస్తులో వజీరున్నీసా ఇల్లు అందరిలోకీ పెద్దది. ఆవిడ భర్త మక్సూద్‌కి పంజాగుట్టలో గడియారాలు బాగుచేసే కొట్టుంది. ఆ ఇంటి తలుపు మూయగా చూసినవాళ్లు లేరు. హాలు ఎంత పెరిగిందంటే, ఈ చివర కూర్చున్న మక్సూద్ ఆ చివర ఉన్న భార్యని చాయ్ అడగాలంటే లేచి సగం దూరం నడవాల్సి వచ్చేది.

ప్రెసిడెంటు గారి ఇల్లు మాత్రం రంజాన్ వెళ్లిన దగ్గర్నుంచి తగ్గుతోంది. ఆయన సోఫా అమ్మేసి "వాస్తు" అన్నారు. భోజనాల బల్ల తీసేసి, "కింద కూర్చుని తింటే మోకాళ్లకి మంచిది" అన్నారు. టీవీ ఎంత దగ్గరికి వచ్చిందంటే వార్తలు చదివే అమ్మాయి ఒళ్లో కూర్చున్నట్టే ఉండేది. దానికి మాత్రం ఆయన కారణమేమీ చెప్పలేదు. విన్నవాళ్లంతా తలలూపారు. నమ్మినవాళ్లు ఒక్కరూ లేరు.

అసలు కారణం ఒక గిన్నె.

రంజాన్ నాడు వజీరున్నీసా గిన్నె నిండా షీర్ ఖుర్మా, అదే వాళ్ల పండగ పాలసేమియా, పట్టుకుని ఆయన గుమ్మంలోకి వచ్చింది. భార్య అరుణాదేవి గుడికి వెళ్లింది. ఆయన "అయ్యో, ఎందుకమ్మా ఇవన్నీ" అంటూ రెండు చేతులా అందుకుని, నవ్వి, తలుపు మూసి, తిన్నగా వెళ్లి సింకులో పోశారు. సేమియా అడ్డుపడితే చాలాసేపు పంపు విప్పి ఉంచారు. నీళ్లు వృథా చేయరాదని ఆయనే నోటీసు పెట్టిన వారమది. ఆమె మీద కోపమేమీ లేదు. తింటే ఎవరేమంటారో అని భయం, అంతే. నాలుగు రోజుల తర్వాత గేటు దగ్గర పెట్టించే బోర్డుకి నీలం రంగు కలపడానికి ఏదో ఒక గిన్నె కావలసి వచ్చింది. చేతికి అదే అందింది. బోర్డు మీద "మనమంతా ఒకే కుటుంబం" అని తానే స్వయంగా రాశారు. అక్షరాలు బాగా కుదిరాయి. కానీ గిన్నె ఎవరి కంటైనా పడుతుందని, అప్పట్నుంచి వచ్చినవాళ్లని గుమ్మంలోంచే పంపేసేవారు.

ఒకరోజు లిఫ్టు దగ్గర పదిమందిలో వజీరున్నీసా అడిగింది. "ప్రెసిడెంట్ సాబ్, మా అమ్మ గిన్నె జర పంపుండ్రి."

రంగు కలిపానని ఆ పదిమందిలో ఎలా చెప్తారు? "గిన్నా? మా ఇంటికి ఏ గిన్నే రాలేదమ్మా. ఇంకెవరికైనా ఇచ్చావేమో చూసుకో" అన్నారు.

ఆమె ఆయన మొహం చూసింది. "అట్లనా. అయితే నేనే మర్చిపోయిన గావచ్చు" అని మెట్లెక్కి పోయింది.

ఆ సాయంత్రానికి బీరువా వచ్చి మంచానికి తగిలింది. దాని తలుపు జానెడు కూడా తెరుచుకోలేదు.

తర్వాత ఆ ఇంటి బెల్లు కొట్టినవాళ్లు లేరు. ప్రెసిడెంటు గారు ఆలోచించి ఇంకో నోటీసు పెట్టారు: "ఆదివారం అందరూ ప్రెసిడెంటు గారి ఇంటికి వచ్చి పోవలెను." పాపం, వచ్చారు. ఓటు వేయడానికి వచ్చినట్టు వరసలో నిలబడి, ఒక్కొక్కరే లోపలికి తొంగి చూసి పోయారు. ఆ రాత్రికి గోడ ఇంకాస్త ముందుకొచ్చింది.

ఉగాది ముందురోజు అరుణాదేవి సూట్‌కేసు సర్దుకుంది.

"పడుకుంటే నా కాళ్లు వంటింట్లో ఉంటున్నాయండీ. ఈ ఇంట్లో ఇంక ఒక్కరే పడతారు. రేపు సాయంత్రం రైలుకి తణుకు, మా అన్నయ్య దగ్గరికి పోతాను."

"మళ్లీ ఎప్పుడొస్తావు?"

"ఇద్దరికి చోటున్నప్పుడు ఫోన్ చెయ్యండి."

"నేనేం చేశాననే?"

ఆవిడ గ్యాస్ సిలిండర్ వెనక్కి చెయ్యి పెట్టి, అడుగున నీలం రంగు గడ్డకట్టిన గిన్నె తీసి ఆయన ముందు పెట్టింది. పెట్టి బట్టలు సర్దుకుంటూ ఉండిపోయింది.

మర్నాడు సెల్లారులో ఉగాది పచ్చడి పంపకం. గ్లాసులు పట్టుకుని అందరూ దిగేసరికి వడగళ్ల వాన పట్టుకుంది. సందులో నీళ్లన్నీ సెల్లారులోకి దిగాయి. చెప్పులు తేలాయి.

కమలకుమారి చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, "ప్రెసిడెంటు అన్నయ్యగారి ఇంట్లో చేసుకుందాం. వాస్తు మార్చాక ఆ హాలు మేమెవరమూ తీరిగ్గా చూడనే లేదు" అంది. నవ్వలేదు. నవ్వకుండా అనడంలో ఆవిడని మించినవాళ్లు అమీర్‌పేటలో లేరు.

హనుమత్ప్రసాద్ గారి చెవులు ఎర్రబడ్డాయి. "మా ఇంట్లోనా... ఇప్పుడా... అంటే, గోడలకి కొంచెం..."

"మా ఇంటికి రాండ్రి" అంది మెట్ల మీంచి వజీరున్నీసా. "చెప్పులు బయట ఇడువుండ్రి, గంతే."

అందరూ వెళ్లారు. పచ్చడి బకెట్టు వెళ్లింది. సూట్‌కేసుతో అరుణాదేవి కూడా వెళ్లి కూర్చుంది. అంతమంది కూర్చున్నా ఆ హాల్లో సగం ఖాళీగానే ఉంది. ప్రెసిడెంటు గారు గుమ్మం దాకా వచ్చి, గడప దాటలేక, వెనక్కి పోయారు. తిరిగి వచ్చినప్పుడు చేతిలో గిన్నె ఉంది.

"వజీరున్నీసా గారూ" అన్నారు. ఆమెని గారు అనడం అదే మొదలు. "గిన్నె మా ఇంట్లోనే ఉంది. నేను అబద్ధం చెప్పాను. మీరిచ్చింది తినలేదు, సింకులో పోశాను. ఇందులో... బోర్డు రంగు కలిపాను."

మైకు లేకపోయినా ఆ మాట హాలు చివరిదాకా వినబడింది. ప్రతిదానికీ ఏదో ఒకటి అనే కమలకుమారి, అనాల్సిన మాట గ్లాసు అడుగున ఉందేమో అన్నట్టు అందులోకి చూస్తూ కూర్చుంది. అరుణాదేవి తల ఎత్తలేదు.

వజీరున్నీసా గిన్నె అందుకుని పక్కన గోరుతో గీకింది. రంగు పెళ్ల ఊడింది. కింద చెక్కిన ఉర్దూ అక్షరం చుక్కలు రెండు కనిపించాయి.

"మా అమ్మ పేరు" అంది. తర్వాత గిన్నెలోకి చూసింది. "ఖాళీ గిన్నె తెచ్చిండ్రు, ప్రెసిడెంట్ సాబ్. మీలో ఖాళీగ వాపసు ఇయ్యరు గద?"

"ఇవ్వరు" అన్నారాయన.

"మాలో సుత ఇయ్యరు." గిన్నె మళ్లీ ఆయన చేతిలో పెట్టింది.

ఆయన ఇంటికెళ్లి ముందు కిరసనాయిలుతో, తర్వాత చింతపండుతో తోమారు. రంగంతా పోయింది, చెక్కిన అక్షరాల్లోది తప్ప. అక్కడ నీలం కూరుకుపోయి, ఇన్నాళ్లూ కంటికి ఆనని పేరు ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తోంది. ఉర్దూ ఆయనకి రాదు. అయినా కాసేపు చూశారు. తర్వాత జన్మలో మొదటిసారి స్టవ్ వెలిగించి, పరమాన్నం అనుకుంటూ ఏదో మొదలుపెట్టారు.

కాసేపటికి మాడిన వాసన మెట్ల దారిన రెండో అంతస్తుకి చేరింది. కమలకుమారి ముక్కు ఎగబీల్చింది. "ఎవరింట్లో ఏం జరిగినా ఊరుకుంటాను గానీ, పండగపూట పాలు మాడితే ఊరుకోను" అని లేచింది. ఆవిడ వెనక ఇంకొకరు, వాళ్ల వెనక వజీరున్నీసా. నోటీసు లేదు, పిలుపు లేదు. ఒకళ్ల మోచెయ్యి ఇంకొకళ్ల డొక్కలో దిగేలా ప్రెసిడెంటు గారింట్లో ఆ కొంచెం చోట్లోనే ఇరుక్కున్నారు.

"మంట తగ్గించండి అన్నయ్యగారూ! అది గరిటా, జెండా కర్రా?"

"పాలు కాగంగ బెల్లం ఎవరన్న ఏస్తరా సాబ్? ఇరిగిపోయినయ్ చూడుండ్రి!"

విరిగినదాన్నే ఆయన గిన్నె నిండా పోసి, రెండు చేతులా వజీరున్నీసాకి ఇచ్చారు. ఆమె అక్కడే నిలబడి ఒక చెంచా నోట్లో వేసుకుంది.

"మస్తు ఖరాబ్ చేసిండ్రు" అంది. ఇంకో చెంచా తింది.

"అమ్మగారి పేరేంటమ్మా?" అని తల వంచుకునే అడిగారాయన.

"సకీనా."

అందరూ వెళ్లాక అరుణాదేవి సూట్‌కేసుతోనే పైకి వచ్చింది, మరిచిపోయిన కళ్లజోడు కోసం. ఆయన మాడిన పాలగిన్నె తోముతున్నారు, తిరిగి చూడలేదు. ఆవిడ అలవాటు కొద్దీ బీరువా తలుపు లాగింది. జానెడు తెరుచుకుంది. సూట్‌కేసు తెరిచి ఒక చీర తీసి, ఆ సందులోంచి లోపల పెట్టి, సూట్‌కేసు మళ్లీ మూసేసింది.

"రైలు?" అన్నారాయన, సింకు వైపే చూస్తూ.

"రేపు కూడా ఉంటుంది."

మర్నాడు మోటారు మూలిగింది, పాల ప్యాకెట్లు పడ్డాయి, హాస్టల్ కుర్రాళ్లు అరిచారు. లిఫ్టు పక్కన నోటీసు మాత్రం లేదు. గేటు దగ్గర బోర్డూ లేదు. ఎవరు తీశారని ఎవరూ అడగలేదు. ప్రెసిడెంటు గారు రెండో అంతస్తు దాటేటప్పుడు తల వంచుకునే దిగారు. పైన సూట్‌కేసు ఇంకా చాలాకాలం గుమ్మం పక్కనే ఉంది. బీరువా తలుపు ఎంత తెరుచుకుంటే అన్ని చీరలే లోపలికి వెళ్లేవి.