ఆఖరి రీలు వేళకు

అన్యాయం జరిగింది ఎవరికి, ఆమెకే, ఎలాగంటే చిన్నప్పుడు ఏ సినిమాకు వెళ్ళినా సరిగ్గా ఆఖరి రీలు వేళకు చంటి తమ్ముడు రాగం ఎత్తుకునేవాడు, అమ్మ తెర మీంచి చూపు తిప్పకుండానే మోచేత్తో పొడిచి, మా తల్లివి కదూ, కాస్త బయట తిప్పుకురావే అనేది, ఆ తల్లితనం ఆమెకు సినిమా చివర్లోనే దక్కేది, ఇదిగో ఆ రాగాల తమ్ముడే ఇప్పుడు బట్టతల తుడుచుకుంటూ, తన పళ్ళ ఆస్పత్రిలో రోగులు కూర్చునే గదిలో ప్రొజెక్టరుకు వైరు తగిలిస్తున్నాడు, గోడ మీది పుచ్చుపళ్ళ పటం తీసేసిన చోట సున్నం మరీ తెల్లగా ఉంది, కథానాయిక ముఖం అక్కడ పడితే ఒక చెంపకే పౌడరు రాసినట్టుంటుందేమో, రాసిందీ తీసిందీ ఆమే అయిన మొట్టమొదటి సినిమా, పడనీ అనుకుంది, డాక్టరుగారూ, బొమ్మ బాగోలేదంటే పన్ను పీకుతారా అని వెనక వరుసలో ఎవరో అడుగుతున్నారు, బాగుందన్నా పీకుతానండీ, అది నా వృత్తి అంటున్నాడు వీడు, నవ్వులు, ఆమెకు మాత్రం ముగింపు వీళ్ళకు ఎలా ఉంటుందోనన్న బెంగ.

బెంగ ఎందుకంటే ముగింపులో బొమ్మ లేదు, మూసిన తలుపు ఉంది, అంతే, ఏళ్ళ తరబడి మాటలు మానేసిన ఇద్దరు స్నేహితురాళ్ళలో ఒకతె రెండో ఆమె ఇంటికి వస్తుంది, తలుపు మూసుకుంటుంది, కెమెరా బయటే నిలబడిపోతుంది, ఆపైన అన్నీ చప్పుళ్ళే, ఏమిటక్కా ఇది, కెమెరాని లోపలికి పోనీ, జనం కుర్చీలు విరగ్గొడతారు అని కెమెరా పట్టిన తమ్ముడు మొత్తుకున్నాడు, నీ కుర్చీలే కదరా, విరగనీ అంది, అసలు కారణం చెప్పలేదు, చెబితే వాడి పాత పాట మొదలవుతుంది, నేను ఏడవకపోతే నువ్వు రచయిత్రివి అయ్యేదానివా, నా వాటా నాకియ్యి అని, వాటా అట, ఆ రోజుల్లో వాణ్ణి భుజాన వేసుకుని హాలు తలుపుకు చెవి ఆనిస్తే లోపల తుపాకీ పేలేది, ఎవరో ఏడ్చేవారు, ఆ తరవాత హాలంతా ఒక్కసారిగా ఊపిరి వదిలేది, ఆ ఊపిరిలో తనది ఉండేది కాదు, మిగిలింది తనే అల్లుకుని మర్నాడు బడిలో చెప్పేది, ఒక పిల్ల పట్టుబట్టి ఆ సినిమాకు వెళ్ళివచ్చి, నీ ముగింపే బాగుందే, వీళ్ళకు తియ్యడం రాలేదు అని మూతి ముడుచుకుంది, అదే ఆమె అందుకున్న తొలి విమర్శ, తరవాత టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఉద్యోగం, అక్కడా ముఖాలు లేని గొంతులే, కాల్ కలిపి తప్పుకోవడమే, మాట్లాడుకున్నవాళ్ళు రాజీ పడ్డారో లేదో తెలియదు, ఇంటికొచ్చి ఆ మిగతాది కథగా రాసుకోవడం, ఈమధ్య మేనకోడలు పాత ఫోను చేతికిచ్చి, ఇంక రాసింది చాలు, దీంతో సినిమా తియ్యత్తా అన్న దాకా, ఆ పాత సినిమాలు ఇప్పుడు ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు, చూసింది కూడా, కానీ ఆమెకు రావలసింది అది కాదు, చీకట్లో అందరి మధ్యా కూర్చుని ఆ ఒక్క ఊపిరీ కలిసి వదలడం.

దీపాలు ఆరాయి, సినిమా నడిచి నడిచి ముగింపుకొచ్చింది, గోడ మీద స్నేహితురాలు మెట్లెక్కుతోంది, చెంపకు పౌడరు పడనే పడింది, ఎవరూ పట్టించుకోలేదు, తలుపు తట్టింది, తెరుచుకుంది, మూసుకుంది, సరిగ్గా అప్పుడే మేనకోడలి ఒళ్ళోని చంటిది రాగం ఎత్తుకుంది, అచ్చం తాతగారి రాగమే, వంశం ఎక్కడికి పోతుంది, ముందు వరుస తలలన్నీ అలవాటుగా ఆమె వైపు తిరిగాయి, ఈ ఇంట్లో పిల్లల్ని ఊరుకోబెట్టేది ఆమే కదా, మోకాళ్ళు వాటంతటవే లేవబోయాయి, ఇన్నేళ్ళొచ్చినా మోచేతి పోటు పక్కటెముకలు మరిచిపోలేదు, అంతలో భుజం మీద ఒక చెయ్యి పడింది, కూర్చో అక్కా, కదిలావంటే మత్తు లేకుండా పన్ను పీకుతాను, ఇవాళ నా వంతు అని చంటిదాన్ని ఎత్తుకుని తమ్ముడు బయటికి నడిచాడు, తలుపు నెమ్మదిగా మూసుకుంది, అంటే వాడికి తెలుసన్నమాట, ఇన్నాళ్ళూ వాటా అడుగుతూనే లెక్క గుర్తుంచుకున్నాడన్నమాట.

గోడ మీదా మూసిన తలుపే, లోపల కుర్చీ జరిగిన చప్పుడు, చాలాసేపు ఏమీ లేదు, గ్లాసు బల్లమీద పెట్టిన చప్పుడు, ఒక గొంతు, లావయ్యావే అంది, రెండో గొంతు, నీ కళ్ళద్దాలు మార్చు అంది, అంతే, ఇద్దరి నవ్వూ ఒకేసారి, గది గదంతా ఊపిరి వదిలింది, ఆ ఊపిరిలో ఈసారి ఆమెదీ ఉంది, తానే రాసిన మాటలకు తానే కళ్ళు తుడుచుకోవడం సిగ్గుచేటు, అయినా తుడుచుకుంది, చప్పట్లు మొదలయ్యాక తలుపు సందులోంచి బట్టతల తొంగిచూసింది, నిద్రపోయిన పిల్ల భుజం మీద, అక్కా, వాళ్ళు నవ్వారు కదూ, బయటికి వినిపించిందే అన్నాడు వాడు, కళ్ళు మెరుస్తున్నాయి, తలుపు బయట చెవి ఆనించి నిలబడినవాడి మెరుపు అది, ఆమెకు బాగా తెలిసినది, విన్నావుగా, మిగతాది నువ్వే అల్లుకోరా అంది ఆమె, ఇక వాడు ఆమెకు పడ్డ బాకీ ఏమీ లేదు.