బలం మాత్రలు

లాండ్రీలో పన్నెండేళ్ళు ఇస్త్రీ చేసిన మనిషికి జనం శుభ్రత మీద భ్రమలేవీ మిగలవు. పైకి చొక్కా ఎంత తెల్లగా మెరిసినా కాలర్ తిరగేస్తే జిడ్డు చార, చంకల్లో పసుపు మరక, జేబులో ముక్కు తుడిచి కుక్కిన కాగితం. ఆవిరి తగలగానే ఉతుకులో పోని కంపంతా లేచి మొహాన కొడుతుంది. ఆ కంపులన్నీ ఒక ఎత్తు, ఆ రోజు ఆసుపత్రి గదిలో కన్నతల్లితో కూర్చోవడం ఒక ఎత్తు పరాకుకి.

పరాకు అనేది ఆమె పేరు కాదు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినబడదు. చిన్నప్పటి నుంచీ మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి ఆగిపోయేది. చూపు ఎటో నిలిచిపోయేది, రెప్పలు టపటపలాడేవి. పది లెక్కపెట్టేలోపు మళ్ళీ మనుషుల్లో పడి, "ఏమన్నారు?" అనేది. ఇంటిల్లిపాదీ పగలబడి నవ్వేవాళ్ళు. "పరాకమ్మా, ఏ లోకాలు తిరిగొచ్చావు తల్లీ?" అని తమ్ముడు ఇప్పటికీ ఆటపట్టిస్తాడు. ఎడమ ముంజేతి మీద ఇస్త్రీపెట్టె మచ్చలు మూడున్నాయి. వాటిని చూసి కూడా నవ్వారు.

నవ్వులాటకాని సంగతి తమ్ముడి కూతురిది. పిల్లకి ఆరేళ్ళు. మూడేళ్ళ నుంచి ఫిట్స్. మొదట్లో ఎప్పుడో ఒకసారి వచ్చేవి. ఎనిమిది నెలల క్రితం వీధి చివరి డాక్టరు ఒక మందు మొదలుపెట్టాడు, అప్పటి నుంచి వారానికి రెండు, మూడు. మొన్న మెట్ల మీద వస్తే ముందు పళ్ళు రెండూ రాలాయి. పిల్లని పంపొద్దని బడివాళ్ళు కబురు పెట్టారు. అమ్మ మాత్రం ఈ మూడేళ్ళూ ఒకటే పాట పాడింది. "అంతా కోడలి వైపు రక్తమే. పిల్లనిచ్చేటప్పుడు దాచిపెట్టారు."

ఆ రోజు పెద్దాసుపత్రిలో పిల్లకీ, తల్లిదండ్రులకీ చేసిన జన్యుపరీక్షల రిపోర్టు చెప్పే రోజు. డాక్టరమ్మ బల్లకి ఇవతల తమ్ముడు, మరదలు, అమ్మ. వెనక కుర్చీలో పిల్లని ఒళ్ళో పెట్టుకుని పరాకు. బల్ల మీద వంశవృక్షం గీసిన కాగితం ఉంది. మగవాళ్ళకి గళ్ళు, ఆడవాళ్ళకి సున్నాలు, ఫిట్స్ ఉన్నవాళ్ళది నల్లగా నింపుతారట. నిండింది ఒక్క పిల్ల సున్నానే.

"మనుషులందరి జన్యువుల్లోనూ తేడాలుంటాయి. చాలావాటివల్ల ఏమీ కాదు," అంది డాక్టరమ్మ. "పాపకి ఒక జన్యువులో మార్పు కనబడింది. అది పాడైతే ఫిట్స్ వస్తాయని మాకు తెలుసు. కానీ సరిగ్గా ఈ మార్పు చెడ్డదా, ఊరికే ఉన్న తేడానా అన్నది తేలడం లేదు."

"వాళ్ళమ్మ నుంచి వచ్చిందేగా?" అంది అమ్మ ముందుకి వంగి. ఆ గొంతులో ఆత్రం చూస్తే పరాకుకి ఒళ్ళు మండిపోయింది.

"కాదమ్మా, తండ్రి నుంచి."

అమ్మ కుర్చీలో వెనక్కి జరిగింది. మరుక్షణం తేరుకుంది. "వాడా! గుండ్రాయిలా ఉన్నాడు కదండీ. వాడికి ఏనాడూ ఏమీ రాలేదు."

"అదే చిక్కు. మార్పు ఉన్న తండ్రికి ఫిట్స్ లేవంటే, ఇది ఊరికే ఉన్న తేడా అనుకోవాల్సి వస్తుంది. అప్పుడు ఇప్పుడున్న మందే డోసు పెంచి చూడాలి. అదే తండ్రి వైపు ఎవరికైనా, ఏ రకంగానైనా వచ్చి ఉంటే లెక్క వేరు. ఈ జన్యువు పాడైనవాళ్ళకి ఆ మందు పడదు, వచ్చేవాటిని ఇంకా ఎక్కువ చేస్తుంది. అందుకే బాగా గుర్తు తెచ్చుకుని చెప్పండి."

"గుర్తు తెచ్చుకోవడానికేముంది? మా ఇంటా వంటా లేదు," అని అమ్మ చల్లగా అనేసింది.

పరాకు ఒళ్ళో ఉన్న పిల్ల వైపు చూసింది. పిల్ల పెదవి మీద మొన్నటి కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. అవి ఈ ముసలావిడకి కనబడవా? డోసు పెంచుతామంటే గుండె ఝల్లుమనదా? ఛీ, ఇదేం మనిషి!

"ఒక్కొక్కరికి ఒక్కోలా వస్తాయి," అంది డాక్టరమ్మ వదలకుండా. "చిన్నప్పుడు జ్వరంలో కొయ్యబారిపోవడం, లేదా కాసేపు చూపు నిలిచిపోయి పరాకుగా ఉండిపోవడం..."

తమ్ముడు కిసుక్కున నవ్వాడు. "పరాకంటే మా అక్కేనండీ! ఈవిడ పేరే పరాకు."

ఎవరూ నవ్వలేదు. డాక్టరమ్మ కలం కింద పెట్టి పరాకు వైపు, ఆ తర్వాత ముంజేతి మచ్చల వైపు చూసింది.

"అది దాని స్వభావం డాక్టరుగారూ," అంది అమ్మ. "పుట్టుకతోనే కాస్త మందం." అంటూనే చెయ్యి వెనక్కి పోనిచ్చి పరాకు తొడ మీద గిల్లింది. గోళ్ళు దిగేలా, మెలిపెట్టి. బంధువుల ముందు నోరు జారబోతే ఎనిమిదేళ్ళప్పుడు గిల్లిన గిల్లుడే, నలభై రెండేళ్ళ మనిషిని.

దాంతో పాటే బలం మాత్రలు గుర్తొచ్చాయి. రోజూ పొద్దున ఒకటి. "బలానికమ్మా, మింగు," అనేది అమ్మ. షీటు మీది అక్షరాలన్నీ గోటితో గీకేసి ఉండేవి. పదమూడో ఏట పరాకు ఒక ఖాళీ షీటు పట్టుకెళ్ళి మందుల కొట్లో అడిగింది. కొట్టతను గీకగా మిగిలిన అచ్చు ఆనవాలు చూసి ఫిట్స్ మాత్రలని చెప్పాడు. ఇంటికొచ్చి అడిగితే చెంప పగిలింది. గుట్టు బయటపడుతుందని ఆ రోజుతో మాత్రలే మానిపించింది అమ్మ. మంట మీద నూనె కాగుతున్న ఇంట్లో, వేడి ఇస్త్రీపెట్టె పట్టుకునే బతుకులో, మందు లేకుండా కూతుర్ని వదిలేసింది.

అమ్మని అసహ్యించుకోవడం తేలికే. పరాకు మాత్రం ఏం వెలగబెట్టింది? లాండ్రీ యజమానికి తెలిస్తే పనిలోంచి తీసేస్తాడని ఇన్నేళ్ళూ తనూ నోరు కుట్టేసుకుంది. నాది వేరు, పిల్లది వేరు, చెప్పి ఒరగబెట్టేదేముందిలే అని సర్దిచెప్పుకుంది. ఆ మాట గుర్తొస్తే తన మీద తనకే రోత పుట్టింది.

"నాకున్నాయండీ," అంది. గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. "చిన్నప్పుడు మాత్రలు కూడా వాడాను. వీడికీ వచ్చాయి."

"నాకా?" అన్నాడు తమ్ముడు.

"నీకే. రెండేళ్ళవాడివి. జ్వరంతో ఒళ్ళు పేలిపోతూ వంటింట్లో నేల మీద కొయ్యబారిపోయావు. ఒకసారి కాదు, రెండుసార్లు. నాకప్పుడు ఏడేళ్ళు. ఎవరికైనా చెప్తే నాలుక కోస్తానంది అమ్మ."

"అబద్ధం!" అంది అమ్మ. "దీనికి మతి లేదండీ, ఏదేదో ఊహించుకుంటుంది."

"నా తొడ మీద నీ గోళ్ళు కూడా ఊహేనా? చూపించమంటావా?"

 మరదలు అత్తగారి మొహంలోకి చూసింది. "మా నాన్న పోయేముందు నా చెయ్యి పట్టుకుని, మా రక్తంవల్లే నీ కూతురికిలా అయింది, క్షమించమ్మా అన్నారు. ఆ మాట నమ్మే పోయారు. మీకు తెలిసి ఉండి, అత్తయ్యా?"

 తమ్ముడు తల వంచుకుని గోళ్ళు చూసుకున్నాడు. వాడి నవ్వు ఎటు పోయిందో మరి.

పరాకు పిల్లని మరదలికిచ్చి బల్ల దగ్గరికొచ్చింది. కాగితం మీద తన సున్నా ఎక్కడుందో అడిగి, కలం తీసుకుని తనే నల్లగా నింపింది. తమ్ముడి గడి డాక్టరమ్మ నింపి, "ఇద్దరికీ వచ్చాయంటే, మీ అమ్మానాన్నల్లో ఒకరి నుంచి వచ్చి ఉండొచ్చు," అంది.

"ఆయనదేనండీ!" అంది అమ్మ, మాట పూర్తికాకముందే.

నాన్న పోయి పదేళ్ళయింది. కాదనడానికి ఆయన లేడు కదా, ఎంత బురదైనా పూయొచ్చు. పరాకుకి ఆ క్షణంలో అమ్మ మీద కోపం కూడా రాలేదు, చేతులు కడుక్కోవాలనిపించింది అంతే.

డాక్టరమ్మ పాత మందు ఒక్కసారిగా ఆపకుండా ఎలా తగ్గించాలో రాసింది, కొత్తది రాసింది. పరాకు రక్తం కూడా పరీక్షకి పంపమంది. ఆమెకీ మాత్రలు రాసి, "ఇవి పనిచేస్తున్నాయని తేలేదాకా ఇస్త్రీపెట్టె దగ్గర నిలబడొద్దు," అంది. యజమాని మడతల బల్ల దగ్గర పనిస్తే ఇస్తాడు, లేకపోతే లేదు. పరాకు సరేనంది.

కింద మందుల కొట్టు ముందు పెద్ద వరస ఉంది. తమ్ముడు చీటీలు రెండూ ఇచ్చాడు. తన మాత్రల షీటు పరాకు తీసుకుంది. పిల్లది తమ్ముడి చేతికి రాగానే అమ్మ లాక్కుంది. అటూ ఇటూ చూసి, గోటితో దాని మీద అక్షరాలు గీకడం మొదలుపెట్టింది. గీకుతూనే మనవరాలి వైపు వంగి ముద్దుగా అంది. "ఇవి బలం మాత్రలమ్మా. ఎవరడిగినా అలాగే చెప్పాలి, సరేనా?"

పరాకు ఆ చెయ్యి పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి షీటు లాక్కుంది. అప్పటికే రెండక్షరాలు పోయాయి.

"చిట్టీ, ఇవేం మాత్రలో నే చెప్తాను, నాతో పాటు అను. ఫిట్స్ మాత్రలు."

"ఫిట్స్ మాత్రలు," అంది పిల్ల, ఊడిన పళ్ళ సందులోంచి గాలి పోతుంటే.

"ఎవరివి?"

"నావి."

"ఇంకా?"

పిల్ల అత్త చేతిలోని రెండో షీటు చూసింది. బళ్ళో పద్యం అప్పజెప్పినట్టు గొంతెత్తింది. "నావీ, మా అత్తవీ ఫిట్స్ మాత్రలు!"

వరసలో వాళ్ళంతా ఇటు తిరిగారు. అమ్మ రెండడుగులు పక్కకి జరిగి, వీళ్ళెవరో తనకి తెలియనట్టు గోడ మీద మందుల ధరల పట్టీ చదవసాగింది.