అరగంట గొడవలో నా ముళ్ళు

నేను ఒక గోడ గడియారాన్ని. ఒక సంగతి ముందే చెప్పేస్తాను, తర్వాత నన్ను తప్పు పట్టవద్దు. నా జన్మలో నేను సరైన టైము చూపించిన రోజులు బహు తక్కువ. అందులో నా తప్పేమీ లేదు. చేసినవాళ్ళు నన్ను సరిగ్గానే చేశారు. వాడుకున్నవాళ్ళతోనే వచ్చింది తంటా అంతా.

గుజరాతులో ఒక చిన్న కార్ఖానాలో పుట్టాను. టేకు పెట్టె, ఇత్తడి లోలకం, గంట గంటకీ కొట్టే గుణం. రైల్లో గడ్డి మధ్య పడుకుని నిడదవోలు చేరి, ఒక కలిగినవారి పెళ్ళికి బహుమతిగా వెళ్ళాను. ఆ పెళ్ళికి నాలాంటివి ఇంకో నాలుగొచ్చాయి. ఒకే ఇంట్లో అన్నీ తలో రకంగా గంటలు కొడుతుంటే పెళ్ళికొడుకు తండ్రికి పిచ్చెక్కింది. పెళ్ళిలో సన్నాయి వాయించిన రామకోటిని పిలిచి, నీ వాయిద్యం అద్భుతమని మెచ్చుకుని, నన్ను అతని చేతుల్లో పెట్టి వదిలించుకున్నాడు. రామకోటి నన్ను కొన్నేళ్ళు గోడకి పెట్టుకుని, కూతురు భ్రమరాంబ పెళ్ళికి సారెతో పాటు పంపించాడు. అల్లుడు ముక్తేశ్వర్రావుకి స్టేషను రోడ్డులో సెలూను ఉంది. నేను ఆ సెలూన్లో కుర్చీల వెనక గోడకెక్కాను. అందుకని కూర్చున్నవాళ్ళు నన్ను ఎదుటి అద్దంలో తిరగేసి చూసేవాళ్ళు. కొత్తవాళ్ళు కొందరు నాలుగింటిని ఎనిమిదనుకుని గుండెలు బాదుకుని లేచిపోబోయేవారు.

కొట్లో రెండు కుర్చీలు. ఒకటి ముక్తేశ్వర్రావుది, రెండోది భ్రమరాంబ తమ్ముడు తాతాజీది. ముక్తేశ్వర్రావు నెమ్మదైన మనిషి, కత్తి పట్టినా కత్తెర పట్టినా తొందరుండదు. తాతాజీ చెయ్యి మహా చురుకు, కాళ్ళు మాత్రం బద్ధకం. పొద్దున్న ఏనాడూ వేళకి రాడు. బామ్మర్దిని దారిలో పెడదామని ముక్తేశ్వర్రావు నన్ను పది నిమిషాలు ముందుకి జరిపాడు. ఆ సంగతి తాతాజీకి వారంలోనే తెలిసిపోయింది. అప్పట్నించి పది తీసేసి చూసుకుని, మామూలు కంటే ఇంకాస్త ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు. వీధి వీధంతా కూడా నన్ను చూసి పది తీసేసుకునేది. అందరికీ తెలిసిన అబద్ధం గనక దాన్నెవరూ అబద్ధమనలేదు.

మధ్యాహ్నం భ్రమరాంబ ఒక్కటే క్యారేజీ తెచ్చేది. బావా బామ్మర్దీ ఎదురెదురుగా కూర్చుని, ఒకరి వేపుడు ఒకరు లాక్కుంటూ తినేవారు. ఆ కాసేపూ కొట్టు చాలా బావుండేది. రోజంతా గోడకి వేలాడేదాన్ని, నాకున్న వినోదం అదే.

అలాంటి కొట్లోకి అరగంట వచ్చి పడింది.

దేశంలో గడియారాలన్నీ అరగంట ముందుకి జరిపితే సాయంత్రాలు వెలుతురు మిగులుతుంది, కరెంటు కలిసొస్తుంది అని ఢిల్లీలో ఎవరికో తోచింది. అదేం కుదరదని ఇంకెవరికో తోచింది. ఎటూ తెగక, జనాన్నే అడుగుదామని రిఫరెండం పెట్టారు. అరగంట కావాలన్నవాళ్ళ గుర్తు కోడిపుంజు, వద్దన్నవాళ్ళ గుర్తు మంచం. ఓటుకి మూడు నెలలు గడువిచ్చారు. తిట్టుకోవడానికి అది చాలినంత గడువు.

నిజం చెప్పాలంటే అరగంట గురించి అంతకుముందు ఎవరికీ ఏ అభిప్రాయమూ లేదు. బియ్యం ధర పెరిగినప్పుడు వాళ్ళని ఎవరూ అడగలేదు. వీధి కుళాయి ఎండిపోయినప్పుడూ అడగలేదు. జీవితంలో మొదటిసారి ఒకళ్ళు వచ్చి, అయ్యా తమరేమంటారు అని అడిగేసరికి, ఇన్నాళ్ళూ దాచుకున్న కోపమంతా తెచ్చి ఆ అరగంట మీద కుమ్మరించారు. కోడివాళ్ళు కోడివాళ్ళయ్యారు, మంచంవాళ్ళు మంచంవాళ్ళయ్యారు. వాచీలున్న కోడివాళ్ళు అప్పుడే అరగంట ముందుకి తిప్పేసుకుని తిరగసాగారు. టైమెంతండీ అని అడిగితే కొట్లాట అయ్యేది. చివరికి పెద్దమనుషులు వాచీలు జేబుల్లో దాచుకుని, టైము అడగడమే మానేశారు. ఇంకా చేతుల్లో ఫోన్లు లేని రోజులవి.

మా కొట్లో తాతాజీ కోడి అయ్యాడు. ముక్తేశ్వర్రావు మంచం అయ్యాడు.

"పొద్దున్న లేవని మొహానివి, అరగంట ముందుకెళ్తే నీకేంట్రా లాభం?" అన్నాడు ముక్తేశ్వర్రావు.

"అందుకే బావా. దేశం మొత్తం ఆలీసమైపోద్ది. అప్పుడు నన్నొక్కణ్ణే తిట్టరు గదా."

ముక్తేశ్వర్రావు కుర్చీలో రోజూ గడ్డం చేయించుకునే హోమియో డాక్టరు గారికి సందేహమొచ్చింది. "అది సరేనయ్యా, నీ గడియారం నువ్వే పది నిమిషాలు ముందుకి పెట్టుకున్నావు. మరి అరగంటంటే నీకింత మంటేంటి?"

"పది నిమిషాలు నా ఇష్టమండి. అరగంట ఆళ్ళ ఇష్టమండి. రెండూ ఒకటెలా అవుతాయండి?"

ఆ మాటకి డాక్టరు గారి దగ్గర మందు లేకపోయింది. నేనూ చాలాసేపు ఆలోచించాను గానీ, కొట్టిపారేయలేకపోయాను.

నెల తిరిగేసరికి సరదా కాస్తా పంతమైంది. రేడియోలో రెండు పక్షాల ఉపన్యాసాలూ వస్తుంటే కొట్లో కేకలు మిన్నంటేవి. భ్రమరాంబ వచ్చి రేడియోని ఇంటికి పట్టుకుపోయింది. జనం కుర్చీలని బట్టి విడిపోయారు. మంచంవాళ్ళు తాతాజీ కుర్చీ ఖాళీగా ఉన్నా ఎక్కేవాళ్ళు కాదు. అన్నం దగ్గరా అదే గోల. కోడి టైముకి తిందామని తాతాజీ, పాత టైముకే తింటానని ముక్తేశ్వర్రావు, మధ్యలో క్యారేజీ చల్లారిపోయేది. తర్వాత మాటలు కూడా ఆగిపోయాయి. ఒకరికి దువ్వెన కావలసివస్తే కుర్చీలో ఉన్నాయనకి చెప్పేవారు, ఆయన రెండో కుర్చీలో ఆయనకి చెప్పేవాడు.

ఓటు ఇంకా కొన్నాళ్ళుందనగా, కొట్టు నిండా జనముండగా, ఇద్దరూ నోరు జారారు.

"మీ కోడి గెలిస్తే నా కుర్చీ నేనే పీకేసుకుని పోతాన్రా!" అన్నాడు ముక్తేశ్వర్రావు.

"మీ మంచం గెలిస్తే నేనే పీకేసుకుని పోతాను. నువ్వు చెప్పక్కర్లేదు!" అన్నాడు తాతాజీ.

అన్నాక ఇద్దరూ నాలిక కరుచుకున్నారు. కానీ అంతమంది ముందు అన్న మాట వెనక్కి తీసుకోవడం ఇద్దరికీ చేతకాలేదు. సాయంత్రానికి స్టేషను రోడ్డంతా ఆ పందెం పాకిపోయింది. కొందరైతే దేశం సంగతి వదిలేసి ఏ కుర్చీ లేస్తుందా అని ఎదురుచూడసాగారు.

మర్నాడు భ్రమరాంబ క్యారేజీ బల్ల మీద పెట్టి నిలబడింది. "ఏ గుర్తు గెలిచినా ఈ కొట్లోంచి ఒక కుర్చీ ఎల్లిపోద్ది. అటు పోయినా నాదే, ఇటు పోయినా నాదే. మీ ఇద్దరికీ అరగంట కావాలో వద్దో అడిగేరు. నాకేం కావాలో ఎవరూ అడగలేదు" అంది. ఇద్దరూ చెరో గిన్నె పట్టుకుని చెరో కుర్చీకి వెళ్ళిపోయారు. నాకు నిజంగా ఏడుపొచ్చింది. గడియారం ఏడవాలంటే గంట కొట్టాల్సిందే, ఆ గంటకింకా వేళ కాలేదు.

ఓటు రోజు రానే వచ్చింది. పక్క వీధి బళ్ళో సాయంత్రం అయిదింటిదాకా ఓట్లు. ఊరికి సెలవు, మిల్లు సైరను కూడా లేదు. పొద్దున్నే ముక్తేశ్వర్రావు ఒక్కడూ తలుపులు తీసి, అటూ ఇటూ చూసి, స్టూలెక్కి నా పెద్దముల్లు అరగంట వెనక్కి తిప్పాడు. అతని బుద్ధి నాకు తెలిసిపోయింది. తాతాజీ నన్ను నమ్మి తీరిగ్గా బయల్దేరతాడు, వెళ్ళేసరికి గేటు మూసేస్తారు, కోడికి ఒక ఓటు తగ్గుతుంది. తన మట్టుకు తను అరగంట కలుపుకుని వెళ్ళిపోవచ్చు. పాపం పెద్దమనిషి, దిగేముందు నా అద్దం మీద తన వేలిముద్రలు తువ్వాలుతో తుడిచాడు. కాసేపటికి తాతాజీ వచ్చాడు. నా లెక్కన పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వేళకి వచ్చాడు.

ఓటు వేసేముందు నున్నగా ఉండాలని ఊరంతా గడ్డాలకి దిగబడింది. అన్నాలయ్యాక ముక్తేశ్వర్రావు వెనక గదిలో కునుకు తీశాడు. తాతాజీ అటూ ఇటూ చూశాడు. స్టూలెక్కాడు. నా ముల్లు అరగంట వెనక్కి తిప్పాడు. అదే ఆలోచన, అదే లెక్క, చివరికి అదే తువ్వాలు. రోజూ ఒకే అద్దంలో చూసుకునేవాళ్ళకి బుద్ధులు కూడా ఒకేలా వస్తాయి కాబోలు. ఇప్పుడు నేను నా మామూలు కంటే గంట వెనకబడ్డాను. అందులో ఇద్దరికీ తెలిసింది ఎవరి అరగంట వాళ్ళకే. మొత్తం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, నాకేమో నోరు లేదు.

నేను నాలుగుంపావు చూపిస్తుండగా ముక్తేశ్వర్రావు డాక్టరు గారి ఒక చెంప గీసి, "ఏణ్ణీళ్ళు తెచ్చేత్తానండి" అని వీధి గుమ్మంలోంచి జారుకున్నాడు. ఆ వెంటనే తాతాజీ, సోడాకొట్టు వీర్రాజు తల సగం కత్తిరించి, "తువ్వాలు ఆరేసొత్తానండి" అని పెరటి గుమ్మంలోంచి మాయమయ్యాడు. ఇంకా బోలెడు టైముందని ఇద్దరి నమ్మకం.

బళ్ళో జరిగింది నేను చూడలేదు. కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ తర్వాత ఏడాది పాటు చెప్పగా విన్నాను. ఇద్దరూ చెరో సందులోంచి పరిగెత్తుకొచ్చి గేటు ముందు ఢీకొన్నారట. గేటుకి తాళం పడి ఉందట. "అయిదు దాటిందయ్యా. దేశం అభిప్రాయం పెట్టెలో పడి సీలయిపోయింది. ఇళ్ళకెళ్ళండి" అన్నాడట కానిస్టేబులు.

ఇక్కడ కొట్లో భ్రమరాంబ ఖాళీ క్యారేజీ కోసం వచ్చి, సగం గడ్డం డాక్టరు గారినీ సగం క్రాపు వీర్రాజునీ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. అంతలో వాళ్ళిద్దరూ వచ్చారు. నెలల తర్వాత పక్కపక్కన నడిచొచ్చారు. ఆవిడ ముందు వాళ్ళ వేళ్ళు చూసింది. ఆవిడ వేలికి పొద్దున్న పెట్టిన నల్ల సిరా ఉంది. వాళ్ళ వేళ్ళు శుభ్రంగా ఉన్నాయి.

"ఓటెయ్యలేదా?"

"గడియారం ఎనకబడిపోయిందక్కా" అన్నాడు తాతాజీ నేల చూపులు చూస్తూ.

"అవునే. ముసల్దైపోయింది. ఆగి ఆగి నడుత్తోంది" అన్నాడు ముక్తేశ్వర్రావు వెంటనే.

ఒళ్ళు మండింది నాకు. అన్నేళ్ళలో ఒక్క పూట ఆగినదాన్ని కాదు.

భ్రమరాంబ స్టూలు మీద కూలబడి, కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "ఇద్దరూ ఎయ్యలేదా! ఓటే ఎయ్యనోళ్ళకి గెలుపేంటి, ఓటమేంటి? ఏ కుర్చీ పీకక్కర్లేదు. ముందు డాక్టరు గారి రెండో చెంప సంగతి చూడండి."

"న్యాయంగా చెప్పావమ్మా" అన్నారు డాక్టరు గారు. "కాస్త ముందొచ్చి చెబితే ఇంకా బావుండేది. నురగ ఆరిపోయింది."

పందెం ఏమవుతుందో చూద్దామని వాళ్ళ వెనకే వచ్చినవాళ్ళు ఉసూరుమంటూ ఇళ్ళకి పోయారు.

కొన్నాళ్ళకి ఫలితం వచ్చింది. కోడి వెంట్రుకవాసిలో గెలిచింది. మంచంవాళ్ళు లెక్క తప్పన్నారు. అరగంట ఎప్పటినించి జరపాలో తేల్చడానికి ఒక కమిటీ వేశారు. కమిటీ గడువు అడిగింది, ఇచ్చారు. మళ్ళీ అడిగింది, మళ్ళీ ఇచ్చారు. దేశంలో గడియారాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఓడినవాళ్ళు ఓడిపోయామని, గెలిచినవాళ్ళు గెలిచినా ఏమీ రాలేదని, ఇద్దరూ కలిసి ప్రభుత్వాన్ని తిట్టుకోవడం మొదలుపెట్టారు. ఆ విధంగా మా వీధి మళ్ళీ ఒక్కటైంది.

కొట్లో మాత్రం వింత మర్యాద మొదలైంది. తాతాజీ వేళకి రాసాగాడు. ముక్తేశ్వర్రావు తన వేపుడు తనే తీసి బామ్మర్ది కంచంలో వెయ్యసాగాడు. ఎదుటివాడి ఓటు తన మూలంగానే పోయిందని ఎవరి మటుకు వాళ్ళకి బాధ. తన ఓటు పోవడానికి నా ముసలితనం కారణమని ఇద్దరికీ నమ్మకం. ఆ నింద మోస్తూ నేను గోడ మీద ఉన్నాను. పైగా నా గంటలు కూడా దారి తప్పాయి. నాలుగింటికి మూడు కొట్టేదాన్ని, అరగంటకి పది కొట్టేదాన్ని. చివరికి నన్ను దింపి, గడియారాలు బాగుచేసే మస్తాన్ వలీ దగ్గరికి మోసుకెళ్ళారు. ముక్తేశ్వర్రావు నన్ను పట్టుకున్నాడు, తాతాజీ లోలకం పట్టుకున్నాడు, తండ్రి ఇచ్చిన వస్తువు కదా అని భ్రమరాంబ కూడా వచ్చింది.

మస్తాన్ నా తలుపు తీసి, కంటికి అద్దం బిగించి, చాలాసేపు చూశాడు. "గడియారానికేం జబ్బు లేదండీ. ఒక్క నిమిషం తప్పదు. ఎవరో ముల్లు వెనక్కి తిప్పేశారు. గంటలు కొట్టేదానికి ముల్లు వెనక్కి తిప్పకూడదు, అందుకే గంటలు చెడ్డాయి. ఎవరండీ ఆ పని చేసింది?"

"నేనే" అన్నాడు ముక్తేశ్వర్రావు.

"నేనే" అన్నాడు తాతాజీ.

రెండు మాటలూ ఒక్కసారే వచ్చాయి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అంటే బావా, నన్ను ఓటెయ్యనివ్వకూడదని..."

"మరి నువ్వో?"

"నేనూ అందుకేలే."

భ్రమరాంబ కొంగు నోట్లో కుక్కుకుంది. ముందు తాతాజీకి నవ్వొచ్చింది, తర్వాత ముక్తేశ్వర్రావుకి. నవ్వి నవ్వి బల్ల పట్టుకున్నారు. నా మీద నింద తొలగిపోయింది. అంత సంతోషం నేను కార్ఖానాలోంచి బయటపడ్డ రోజున కూడా ఎరగను. మస్తాన్‌కి ఏమీ అర్థం కాలేదు గానీ, పని ముగించి ముల్లు మీద వేలు పెట్టి అడిగాడు.

"సరైన టైముకి పెట్టెయ్యమంటారా?"

"వద్దండీ!" అన్నారు బావా బామ్మర్దీ కంగారుగా, ఒకే గొంతుతో. "పది నిమిషాలు ముందుకి పెట్టండి."

మస్తాన్ పెట్టాడు. ఆ పది నిమిషాలూ ఇప్పటికీ నా మీద అలాగే ఉన్నాయి, నా ముందు రెండు కుర్చీలూ అలాగే ఉన్నాయి. మీరెప్పుడైనా స్టేషను రోడ్డు వైపు వస్తే, నన్ను చూసి పది తీసేసుకోండి.