నలభయ్యో కాగితం

క్యారేజీ గిన్నెలు బిగించి, దాంతోపాటు నలభై కాగితాల కట్ట కూడా మా ఆయన సంచిలో పెట్టాను. "మీ స్నేహితులకివ్వండి. ఇంటికి తీసికెళ్ళి వాళ్ళ ఆడవాళ్ళ చేత నింపించమనండి. వారం ఆగినా పరవాలేదు," అన్నాను.

1984 జనవరి అది. నేను సోషల్ సైకాలజీలో ఎం.ఫిల్. చేస్తున్నాను. ఇంట్లో తన మాటకి ఎంత విలువుందని గృహిణి అనుకుంటోంది, అదీ నా పరిశోధన. ఇరవై అయిదు ప్రశ్నలు. ఒక్కోదానికీ ఎప్పుడూ, తరచుగా, ఒక్కోసారి, అరుదుగా, అసలు లేదు అని అయిదు గళ్ళు.

మార్చికల్లా ముగించాలి. ఆ గడువు యూనివర్సిటీది కాదు, మా ఇంటిది. "మార్చి దాక సదువుకో. ఆ తరవాత అమ్మ ఒక్కర్తీ ఇంటిపని సెయ్యలేదు," అని ఆయన ముందే చెప్పేశారు. మా అత్తగారు సూర్యకాంతమ్మగారైతే, "మనసు సంగతి సదవడానికి గాజువాక నుంచి రెండు బస్సులెక్కాలేటే తాయారూ? నన్నడిగితే నాను సెప్పనా," అనేవారు. ఆవిడని తీసిపారేయడానికి లేదు. నేను పుస్తకం తెరవబోతున్నానని నాకంటే ముందు ఆవిడకే తెలిసేది. సరిగ్గా అప్పుడే కాఫీ అడిగేవారు.

మర్నాడు సాయంత్రమే ఆయన కట్టంతా తెచ్చి నా ముందు పెట్టారు. "ఒక్క రోజులో నలభై నింపించేసాను. నీ మార్చికింక ఢోకా లేదు."

సంతోషంతో ఆయనకి రెండోసారి కాఫీ పెట్టిచ్చి మరీ కూర్చున్నాను. నాలుగు కాగితాలు తిప్పేసరికి అనుమానం వచ్చింది. అన్నిటా ఒకటే ఆఫీసు సిరా. ఒకదాని మీద పులుసు మరక. ఒకాయన పేరు దగ్గర తన పేరే జగ్గారావు అని రాసేసి, కొట్టేసి, పక్కన భార్య పేరు వరహాలమ్మ అని దిద్దారు. "మీకంటూ కాసేపు ఒంటరిగా గడపాలనిపిస్తుందా?" అన్నచోట గళ్ళు వదిలేసి మరొకాయన, "మా ఆవిడకి అలాంటివి లేవు," అని రాశారు.

"ఇవి ఆడవాళ్ళు నింపలేదండీ."

"ఆల్లు నింపినా ఇదే రాత్తారు. పెళ్ళాం సంగతి మొగుడికి తెలీదేటి? లంచిలో కూకుని అందరం పూర్తి చేసేసాం. నీకోసమే కదా."

ఆ మాటలో వెటకారం లేదు. నిజంగానే నాకు సాయం చేశాననుకుంటున్నారు. అందుకే ఎక్కువ ఏడుపొచ్చింది. అప్పుడు కట్టలో అట్టడుగున ఉన్న నలభయ్యో కాగితం తీశాను. మా ఆయన దస్తూరీ, పైన నా పేరు. మీ అభిప్రాయం అడుగుతారా? ఎప్పుడూ. మీకు అలసటగా అనిపిస్తుందా? అసలు లేదు. నా గురించి పాతికసార్లు రాసినాయన, ఇంట్లోనే ఉన్న నన్ను ఒక్కసారి అడగలేదు.

చింపేద్దామనుకున్నాను. పొద్దున్న ఇడ్లీ పప్పు రుబ్బుతుంటే, చింపితే ఎలా అనిపించింది. పెళ్ళాల గురించి మొగుళ్ళు ఏమనుకుంటున్నారో నలభై కాగితాలు నా చేతిలో ఉన్నాయి. అవే ప్రశ్నలు ఆ ఆడవాళ్ళనే అడిగితే? రెండూ పక్కపక్కన పెడితే?

మా గైడు గురునాథరావుగారు అంతా విని పెన్ను మూత బిగించారు. "నీ మొదటి అంశం కన్నా ఇదే బావుందమ్మా. కానీ మార్చికి అవదు. ఇంకో ఏడాది పడుతుంది. ఇంట్లో అడిగి చెప్పు."

ఇంట్లో అడగలేదు. ముందు రెండు వీధుల అవతలున్న వరహాలమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడకి చదువు రాదు. ఒక్కో ప్రశ్నా నేను చదువుతుంటే చేపల పులుసు పొయ్యి మీంచి దించేసి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"మీ ఆయన్ని మీరు కాదనగలరా?"

"ఉండమ్మా, ఆలోసించి సెప్తాను. ఇలాటియి నన్నెవుళ్ళూ అడగనేదు." ఒక్క ప్రశ్నకి పది నిమిషాలు ఆలోచించింది. చివర్లో మెల్లగా, "మా ఆయన ఏటి రాసినాడేటి?" అంది.

"ఒకరిది ఇంకొకరికి చెప్పకూడదు వరహాలమ్మగారూ."

"పోన్లే. నాను సెప్పింది మాత్రం సరిగ్గా రాయి."

వరహాలమ్మ కాగితం జగ్గారావుకి చూపించడం తప్పు. నా కాగితం మాత్రం నా సొంతం. ఇంటికొచ్చి కొత్తది తీసుకుని నలభయ్యో నంబరు వేసి, నేనే నింపుకున్నాను. అలసట దగ్గర "తరచుగా" అన్న గడిలో టిక్కు పెట్టడానికి ఎంతసేపు పట్టిందో. మర్నాడు క్యారేజీ పక్కనే, ఆయన రాసిందీ నేను రాసిందీ కలిపి మడత పెట్టి సంచిలో ఉంచాను.

సాయంత్రం ఆయన మామూలుగా వచ్చారు. చెప్పులు విప్పారు. వంటింటి గుమ్మంలో నిలబడి, అత్తగారికి వినబడకుండా అడిగారు. "పదకొండోదానికి తరచుగా అని పెట్టావు. నిజంగానే అలిసిపోతన్నావా?"

నాలుగేళ్ళ కాపురంలో ఆయన నన్ను ఇలా అడగడం మొదటిసారి. నాకు కోపం రాలేదు. పీట ఆయన వైపు జరిపాను.

"కూర్చోండి. ఇరవై అయిదూ మీరడగండి, నేను చెప్తాను. కాగితంలో లేని ఇరవై ఆరోది, వచ్చే ఏడాది ఏం చేస్తావని. అది అడగక్కర్లేదు. చదువుతున్నాను."