గుడ్డ విమానాలు

నోట్లో నువ్వుగింజ నానని మనిషని ఎనిడ్ గారడ్‌కి హోమ్‌గేట్ ఊళ్ళో పేరు. పక్కింటి కుక్క ఈనినా, పాస్టరుగారి భార్య జుట్టుకు రంగేసుకున్నా సాయంత్రం టీ వేళకల్లా ఊరంతా పొక్కేది. అలాంటి మనిషి ఒక్క సంగతి మాత్రం యాభై ఏళ్ళు కడుపులో దాచుకుంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఒక అధికారి వచ్చి నోరు మూసుకోమన్నాడు. మళ్ళీ తెరవమని ఎవరూ చెప్పలేదు.

ఆ సంగతి ఊరి చివర చక్కెరదుంపల చేలో ఉన్న పాత వైమానిక స్థావరానిది. అక్కడిప్పుడు మిగిలింది సగం నేలలో కూరుకుపోయిన ఇటుకల గది, అందులో కాపురమున్న కోళ్ళు. లండన్‌లో బీమా ఉద్యోగం చేసి రిటైరై వచ్చిన పెటిఫర్ ఆ గదిని చూసి పరవశించిపోయాడు. ఊరికో చరిత్ర సంఘం పెట్టాడు, తానే అధ్యక్షుడయ్యాడు, చందాలు పోగుచేసి "ఇక్కడి నుంచి నింగికెగిరిన వీరులకు" అని రాయి చెక్కించాడు. ఆ వీరులెవరో ఎంత వెతికినా దొరకలేదు. అంత రహస్యమైన స్థావరమన్నమాట అని ఆయన ఇంకా పొంగిపోయాడు.

ఆవిష్కరణనాడు ఊరంతా చేలో చేరింది. పది మైళ్ళ అవతలి స్థావరంలో ఆ యుద్ధంలో బాంబరు విమానం నడిపిన లెస్లీ హాకిన్ ముఖ్య అతిథి. పతకాలు తగిలించుకుని ముందు వరసలో కూర్చున్నాడు. ఎనిడ్ అప్పట్లో ఇక్కడ పనిచేసిందని ఎవరో చెవినేయగా, పెటిఫర్ ఆమెను మైకు ముందుకు పిలిచి, మొదటి విమానం లేచిన రోజు గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నాడు.

ఎనిడ్ రాయివంక చూసింది. పాస్టరువంక చూసింది. ఆయనెదుట అబద్ధమాడటానికి నాలుక తిరగలేదు.

"ఒక్కటీ లేవలేదండీ. అవన్నీ చెక్కవి. మా నాన్న చెక్క కొట్టాడు, నేను గుడ్డ కుట్టాను."

పెటిఫర్ మైకు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "ఎనిడ్ గారూ, పెద్దవారు మీరు, ఒక్కోసారి జ్ఞాపకం..."

"నా జ్ఞాపకానికేం, నిక్షేపంలా ఉంది. ఆ చెయ్యి తియ్యండి."

ఇక ఆగలేదు. అసలు స్థావరాల మీద బాంబులు పడకుండా శత్రువు కళ్ళు కప్పడానికి కట్టిన దొంగ స్థావరమది. పగలు శత్రువుల నిఘా కంటికి బొమ్మ విమానాలు, చీకటి పడితే ఉత్తుత్తి దీపాలు. గాలివానలో ఓ విమానం తాళ్ళు తెంచుకుని వెళ్ళి అప్పటి పాస్టరుగారి క్యాబేజీ మడిలో వాలిందట. ఆయన పంట్లాము తొడుక్కోవడం కూడా మరచి, గడ్డపార పుచ్చుకుని వచ్చి, లొంగిపొమ్మని దాన్ని గద్దించాడట. జనం పొట్టలు పట్టుకున్నారు. పెటిఫర్ మొహం ఉడికించిన బీట్‌రూట్‌లా అయింది.

"మరి బాంబులు పడ్డాయా?" అని హాకిన్ అడిగాడు.

"పడకేం. చలికాలంలో ఓ రాత్రంతా కురిశాయి. ఒక్క దుంప మిగల్లేదు."

ముసలాయన మెల్లగా లేచి నిలబడ్డాడు. "ఆ రాత్రి మా బ్యారక్‌లో నూరుమందిమి మంచాల మీద పడుకుని ఆ మోత విన్నాం. శత్రువులకు గురి చేతకాదని నవ్వుకున్నాం."

"గురికేం లోటు లేదండీ. నా కుట్టుపని అంత బావుండేది మరి."

హాకిన్ నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. దగ్గరికొచ్చి ఆమె చేతిని రెండు చేతులా పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

పెటిఫర్ వారం రోజులు ఇల్లు కదల్లేదు. తరవాత ఓ పొద్దున ఆమె గుమ్మంలో నిలబడి, ఊరి వేసవి సంతకు ఒక గుడ్డ విమానం చేసిపెడతారా అని నసిగాడు. తనకు కళ్ళు ఆనడం లేదు, నేర్చుకుంటానంటే చెబుతానంది ఎనిడ్. పెద్దసూదిలో దారం ఎక్కించడానికే ఆయనకు టీ చల్లారిపోయేంత సేపు పట్టింది. మొదటి రెక్క కుట్టు పాములా మెలికలు తిరిగింది. ఎనిడ్ కళ్ళద్దాలు పెట్టుకుని ఒకసారి చూసి, కత్తెర అందించి, మొత్తం విప్పమంది.